పగడాల గురించి మాట్లాడాలంటే కొండ ఎక్కాలి

పగడాల్ని నీళ్లలో చూద్దామని మొదటిసారి వెళ్లిన రోజు నాకు కనిపించినవి నా చేతులు మాత్రమే. మాస్క్ పెట్టుకుని, తల నీళ్లలో ముంచి, చెయ్యి ముందుకు చాచితే వేళ్ల చివర్లు మసగ్గా తెలిశాయి. వాటికి అవతల అంతా పలచటి టీ రంగు. పది నిమిషాలు అటూ ఇటూ ఈది, ఏమీ కనపడక పడవెక్కేశాను. పడవ నడిపే ఆయన నా మొహం చూసి, "మొన్న రాత్రి పైన వాన దంచి కొట్టిందండీ, ఇంకో రెండు మూడు రోజులు ఇంతే" అన్నాడు. పైన అంటే ఎక్కడ అని అడిగాను. ఆయన సముద్రం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, ఒడ్డుకు దూరంగా ఉన్న కొండ చూపించాడు. దాని పక్కన కొత్తగా తవ్విన మట్టిరోడ్డు ఎర్రగా, దోక్కుపోయిన చర్మంలా ఉంది.

ఆ రోజంతా నాకు నిరాశే మిగిలింది. ఆయన చెయ్యి చూపించిన దిక్కు మాత్రం మనసులో ఉండిపోయింది.

పగడాల సున్నపు గూళ్లు పేరుకుని ఏర్పడే పగడపు దిబ్బల (రీఫ్‌ల) గురించి ఎక్కడ చదివినా సముద్రమే ఉంటుంది. వేడెక్కుతున్న నీళ్లు, తెల్లబడుతున్న పగడాలు, వలలు, లంగర్లు, టూరిస్టులు. అన్నీ నిజమే. మధ్యలో ఎవరైనా కొండవాలు, పశువుల బీడు, చెరకు తోట, మట్టిరోడ్డు, మురుగు కాలువ అంటే మాత్రం మోకాలికీ బోడిగుండుకూ ముడిపెడుతున్నాడన్నట్టు చూస్తారు. నేను ఆ ముడి గురించే రాయాలనుకున్నాను. తీరానికి దగ్గరగా ఉన్న దిబ్బ బతుకు చాలావరకు నేల మీదే తేలిపోతుంది. వాన నీటిని ఎక్కడ నిలబెట్టాం, ఎక్కడ తోసేశాం, అది పోతూ పోతూ ఏమేం పట్టుకెళ్లింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. దిబ్బల కోసం పెట్టే డబ్బులో, శ్రద్ధలో పెద్ద వాటా ఒడ్డుకు ఇవతలే ఖర్చు కావాలని నా వాదన.

పగడం ఒక జంతువు అన్న సంగతి చాలామందికి తెలియదు. పాలిప్ అనే చిన్న జీవి, దాని ఒంట్లోనే కాపురముండే, కంటికి కనపడని ఆల్గే అనే నాచు, రెండూ కలిస్తే పగడం. ఆల్గే ఎండలో తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం పాలిప్‌కు పోతుంది. కాబట్టి పగడానికి వెలుతురు కావాలి, అంటే తేట నీరు కావాలి. నీళ్లు మసకబారితే దానికి తిండి తగ్గుతుంది. మీద మట్టి పడితే అది ఊరికే ఉండదు, జిగురు వదిలి ఆ మట్టిని తోసుకుంటుంది. పెరగడానికి, గుడ్లు పెట్టడానికి దాచుకున్న శక్తి అలా ఒళ్లు శుభ్రం చేసుకోవడానికే అయిపోతుంది. కుళ్లిన ఆకులూ అలములూ కలిసిన మట్టి ఇంకా ప్రమాదం. ఆ కుళ్లు తినే బ్యాక్టీరియా మట్టి పొర కింద ఆక్సిజన్ మొత్తం వాడేస్తుంది. అలాంటి మట్టి కప్పితే పగడం ఒక్కరోజులోపే చచ్చిపోగలదని 2012లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఇదంతా పెద్ద పగడాల సంగతి. నీళ్లలో తేలుతూ వచ్చే పగడపు పిల్లలకు కాలు మోపడానికి గట్టి రాయి కావాలి. రాయి మీద సన్నటి మట్టి పొర ఉంటే అవి దిగవు, దిగినా బతకవు. చూడటానికి దిబ్బ బాగానే ఉన్నట్టుంటుంది, కానీ దాని మీద పిల్ల తరం ఉండదు.

ఈ మట్టి ఎలా ప్రవర్తిస్తుందో చూద్దామని ఒకసారి రెండు గాజు సీసాలు తీసుకున్నాను. రెండింట్లోనూ గుప్పెడు ఎర్రమట్టి వేసి, నిండా నీళ్లు పోసి, బాగా కుదిపి కిటికీ దగ్గర పెట్టాను. ఇసుక చూస్తుండగానే అడుక్కి దిగింది. దాని మీద సన్నటి ఒండ్రు కాసేపటికి పొరలా కూర్చుంది. బంకమట్టి మాత్రం దిగలేదు. మర్నాడు పొద్దునకీ నీళ్లు అలాగే ఎర్రగా ఉన్నాయి. అప్పుడు ఒక సీసాలో రెండు చెంచాల ఉప్పు వేసి కలిపాను. ఆ మసకంతా చిన్న చిన్న తునకలుగా ముద్దకట్టడం మొదలైంది. మెల్లగా నీరు తేరుకుంది, అడుగున దూదిలాంటి మెత్తటి పొర మిగిలింది. సీసాను వేలితో గట్టిగా తట్టాను. ఆ పొర పొగలా పైకి లేచింది.

నది సముద్రంలో కలిసే చోట జరిగేది ఇదే. ఉప్పు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, దారిలో నాచునూ బ్యాక్టీరియానూ కూడా అంటించుకుని కిందికి దిగుతాయి. గాలి వీచి అలలు రేగిన ప్రతిసారీ మళ్లీ లేస్తాయి. అంటే ఒక వానకు కొట్టుకొచ్చిన మట్టి పీడ ఆ వానతో వదలదు. కాబట్టి నదిలో ఎంత మట్టి వస్తోందో తెలిస్తే సరిపోదు, అందులో అతి సన్నటిది ఎంతో తెలియాలి. పైన ఆనకట్ట ఉంది కదా, మట్టి అక్కడే ఆగిపోతుందిలే అనే ధైర్యం కూడా పూర్తిగా పనికిరాదు. ఆస్ట్రేలియాలో బర్డెకిన్ నది మీద 1987లో బర్డెకిన్ ఫాల్స్ డ్యామ్ కట్టారు. ముతక మట్టి ఆ జలాశయంలో ఆగిపోతుంది. అతి సన్నటి బంకమట్టి వరదతోపాటు డ్యామ్ దాటి పోతుంది.

ఆ నది గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం గట్టిపడింది అక్కడే. ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంబడి సాగే పగడపు దిబ్బల వరుసే గ్రేట్ బారియర్ రీఫ్. దాని వైపు పారే పెద్ద నదుల్లో బర్డెకిన్ ఒకటి, దాని పరీవాహక ప్రాంతం దాదాపు 1,30,000 చదరపు కిలోమీటర్లు. 1860లలో అక్కడికి గొర్రెలూ పశువులూ వచ్చాయి. తర్వాత ఏం జరిగిందో పగడాలు రాసిపెట్టుకున్నాయి. పోరైటిస్ జాతి పగడం గుండ్రటి బండలా, ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున, చెట్టు మానులో వలయాల్లాగా పొరలు పొరలుగా పెరుగుతుంది. దాని గుండెలోంచి ఒక కడ్డీలాంటి ముక్కను తొలిచి తీసి, పలకగా కోసి, అల్ట్రావయొలెట్ కాంతిలో పెడితే తెల్లటి పలక మీద గీతలు వెలుగుతాయి. నది మోసుకొచ్చిన, నేలలో కుళ్లిన ఆకుల సారం అక్కడ చిక్కుకుపోయి అలా వెలుగుతుంది. బాగా వెలిగే గీత ఉందంటే ఆ ఏడు పెద్ద వరద వచ్చిందన్నమాట. పీటర్ ఇస్‌డేల్ అనే శాస్త్రవేత్త 1984లో ఈ సంగతి ప్రచురించాడు.

2003లో మాల్కమ్ మెక్‌కలక్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో అడుగు వేసింది. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని హవానా దీవి దగ్గరి పగడాల్లో 1750 నుంచి 1998 దాకా బేరియం అనే లోహం ఎంత ఉందో కొలిచారు. నది బంకమట్టి బేరియాన్ని అంటించుకుని వస్తుంది, ఉప్పు నీళ్లు తగలగానే వదిలేస్తుంది, పగడం దాన్ని తన సున్నపు పొరలో కలిపేసుకుంటుంది. సుమారు 1870 దాకా ఎంత పెద్ద వరద వచ్చినా బేరియం పెద్దగా లేదు. ఆ తర్వాత వరద వచ్చినప్పుడల్లా బేరియం ఎగిసింది. సముద్రంలో పడుతున్న మట్టి అయిదు నుంచి పది రెట్లు పెరిగిందని వాళ్లు అంచనా కట్టారు. వరదలు అంతకుముందూ ఉన్నాయి, వెలిగే గీతలే అందుకు సాక్ష్యం. ఆకాశం నుంచి పడే నీరు పెద్దగా మారలేదు, అది పడే నేల మారిపోయింది. గడ్డి మొదళ్ల దాకా మేసేస్తే, పశువులు వాగు గట్లను తొక్కి గుల్ల చేస్తే, ఒకప్పుడు ఇంకిపోయే వాన ఇప్పుడు పారుతుంది. పారిన చోట చిన్న గాడి పడుతుంది, గాడి కోత పడి గండి అవుతుంది. ఆ పరీవాహకాల్లో ఇలాంటి గండ్లు ఉన్న నేల నూటికి ఒక వంతు కూడా లేదు. రీఫ్ దాకా చేరే సన్నటి మట్టిలో మాత్రం పెద్ద వాటా వాటిదే.

నాకు కోపం తెప్పించే లెక్క ఒకటుంది. గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్ విస్తీర్ణం 3,44,400 చదరపు కిలోమీటర్లు. ఆ రీఫ్‌లోకి నీళ్లు పంపే నేల విస్తీర్ణం సుమారు 4,24,000 చదరపు కిలోమీటర్లు. నేలే పెద్దది. పార్క్ చట్టం 1975లో వచ్చింది. నేల మీది నుంచి వచ్చే నీటి నాణ్యత కోసం రీఫ్ మొత్తానికీ ఒక ప్రణాళిక 2003లో వచ్చింది. మధ్యలో 28 ఏళ్లు. నీటికి హద్దు గీసి కాపలా పెట్టారు కానీ ఆ నీరు వచ్చే దారికి అన్నేళ్లపాటు కాపలా లేదు. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఏనాడో అన్నారు. మ్యాప్ మీద గీత నీటికి తెలియదు.

పశువులూ పొలాలూ అంటే పెద్ద పెద్ద వ్యవహారాలు. మట్టిరోడ్డు ఎంత చిన్నది! కరీబియన్‌లో సెయింట్ జాన్ అనే చిన్న దీవి, అందులో సగానికి పైగా నేషనల్ పార్కే. పెద్ద పొలాల్లేవు, ఫ్యాక్టరీల్లేవు. ఇళ్లకూ విల్లాలకూ వెళ్లడానికి నిటారు వాలుల మీద తవ్విన మట్టిరోడ్లు ఉన్నాయి. అడవి నేల వానను తాగేస్తుంది, బండ్లు తొక్కి గట్టిపడిన రోడ్డు తాగదు. నీళ్లు రోడ్డు పొడవునా వేగం పుంజుకుని, పక్క కాలువను కోసుకుంటూ, వంపు వచ్చిన చోట తిన్నగా వాగులోకి దూకుతాయి. ఆ రోడ్ల వల్ల దీవి నుంచి సముద్రంలో పడే మట్టి కనీసం నాలుగు రెట్లు పెరిగిందని 1990లలో లెక్కకట్టారు. ఇది చదివాక ఆ పడవ ఆయన చూపించిన రోడ్డు నాకు మళ్లీ కళ్లముందు కనిపించింది.

మట్టి పక్కన రెండో సమస్య, నీటిని నడిపించే పద్ధతి. పడిన వానను ఎంత తొందరగా సముద్రంలోకి వదిలించుకుంటే అంత మంచిదని చాలాకాలం ఇంజనీర్లకు నేర్పారు. వంకరగా పోయే వాగును తిన్నగా చేశారు, కాంక్రీట్ పోశారు, చిత్తడి నేలల్ని పూడ్చి ఇళ్లు కట్టారు, మడ అడవులు కొట్టి రేవులు కట్టారు. వరద ఇళ్లలోకి రాకూడదన్న భయం న్యాయమైనదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఇలా వదిలించుకున్న నీరు దారిలో ఎక్కడా ఆగదు, మోస్తున్నది ఎక్కడా దించదు, అంతా ఒకేసారి దిబ్బ నెత్తిన కుమ్మరిస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలోని పలావ్ దీవుల్లో కొలిచి చూస్తే నదులు తెచ్చే మట్టిలో దాదాపు 30 శాతాన్ని మడ అడవులు పట్టి ఉంచుతున్నాయని తేలింది. వాటిని కొట్టేస్తే ఆ మట్టీ దిబ్బ మీదికే పోతుంది.

వాటర్‌షెడ్ పనుల్లో ఒక మాట వినిపిస్తుంది: పరుగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని నిలబెట్టాలి, నిలబడ్డ నీటిని ఇంకించాలి. ఆ మాట పుట్టింది బావుల కోసం, పొలాల కోసం. పగడాలకూ ఇంతకంటే మంచి సూత్రం నాకు తెలియదు. హవాయి దీవుల్లో పాతకాలపు పాలన దీన్ని నేల పంపకంలోనే పెట్టుకుంది. అక్కడ అహుపువా అంటే కొండ శిఖరం దగ్గర మొదలై వాగు వెంబడి దిగి సముద్రంలో దిబ్బ దాకా సాగే ఒకే నేల చీలిక. వాగు నీరు చేమ మడుల్లోకి మళ్లి, మడి నుంచి మడికి దిగుతూ, మట్టిని అక్కడక్కడా దించుకుంటూ, ఒడ్డున రాతిగోడ కట్టిన చేపల చెరువు దాటాకే సముద్రంలో కలిసేది. కొండ మీద చెట్లు నరికితే కింద చేపలకు ఏమవుతుందో చూసుకునే బాధ్యత ఒకే యంత్రాంగం మీద ఉండేది. ఇప్పుడు అడవికి ఒక శాఖ, రోడ్డుకు ఒకటి, మురుగునీటికి ఒకటి, చేపలకు ఒకటి. పగడం చచ్చిపోతే ఎవరిని అడగాలో తెలియదు.

కంటికి కనపడని నీళ్లు కూడా ఉన్నాయి. హవాయిలోనే మావీ దీవిలో, లహైనా దగ్గర, శుద్ధి చేసిన మురుగునీటిని బోర్లు వేసి భూమిలోకి పంపేవారు. నేలలోకి పంపాం, సముద్రంలోకి కాదు అని వాదించేవారు. అప్పుడు పరిశోధకులు ఆ బోర్లలో రంగు కలిపి వదిలారు. 84 రోజులకు ఆ రంగు కహెకిలి తీరంలో, పగడాల పక్కనే సముద్రం అడుగున ఊరే ఊటల్లో కనిపించింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేలలోంచి తిరిగి వచ్చినా అది తిన్నగా సముద్రంలోకి వదలడంతో సమానమైతే అనుమతి తీసుకోవాల్సిందేనని 2020లో తీర్పు వచ్చింది. నేల మింగేసింది కదా, ఇక మన బాధ్యత తీరిందని అనుకోవడం మనందరికీ అలవాటే. హవాయిలో ఇళ్ల మురుగు నేరుగా నేలలోకి ఇంకే గుంతలు 2017 నాటికి సుమారు 88,000 ఉండేవి. 2050 కల్లా వాటిని మార్చాలని ఆ ఏడే చట్టం చేశారు. అంతదాకా ఆ మురుగులో ఉండే, నాచుకు ఎరువులా పనిచేసే నైట్రోజన్ ఊటల దారిన దిగుతూనే ఉంటుంది.

నైట్రోజన్ దానంతట అది విషం కాదు, ఈ మాట కూడా చెప్పి తీరాలి. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. ఓడలెక్కి వచ్చిన ఎలుకలు చేరిన దీవుల్లో సముద్రపు పక్షులు దాదాపు లేవు, ఎలుకలు లేని దీవుల్లో గుంపులుగా ఉన్నాయి. పక్షులున్న దీవుల పక్క దిబ్బల్లో చేపల మొత్తం బరువు దాదాపు సగం ఎక్కువగా తేలింది. పక్షుల రెట్టలోని నైట్రోజన్ కొంచెం కొంచెంగా దిబ్బకు అంది అక్కడి బతుకును నిలబెడుతోంది. ఎరువుల సంచీ నుంచో మురుగు గొట్టం నుంచో వచ్చేది అలా రాదు, ఒక్క ఉదుటున వస్తుంది. అప్పుడు లాభపడేది నాచే.

ఇప్పుడు నేను చాలామందికి చెప్పే కథ. హవాయిలో కనెయోహే అనే అఖాతం ఉంది. 1965లో కుండపోత వాన కురిసి, అఖాతం పైపొరలో ఉప్పు బాగా తగ్గిపోయి, లోతు తక్కువ చోట్ల పగడాలు చచ్చిపోయాయి. ఆ రోజుల్లో ఆ అఖాతంలోకి మురుగునీరు వదిలేవారు. చచ్చిన పగడాల చోట కొత్తవి రాలేదు, ఆకుపచ్చ బుడగల్లాంటి నాచు దిబ్బల్ని తివాచీలా కప్పేసింది. 1977, 78లలో మురుగు గొట్టాన్ని అఖాతంలోంచి తీసేసి లోతైన బయటి సముద్రంలోకి మళ్లించారు. 1987 డిసెంబర్ 31 రాత్రి మళ్లీ అలాంటి వానే కురిసింది, మళ్లీ పగడాలు చచ్చిపోయాయి. ఈసారి మాత్రం తొందరగానే కోలుకున్నాయి. అదే అఖాతం, అదే తీరు వరద. ప్రకృతి కొట్టిన దెబ్బ నుంచి పగడం లేచి నిలబడగలదు. లేవబోయేటప్పుడు మనం మీద కూర్చోకుండా ఉండాలి.

ఈ కథ చెబితే వచ్చే ఎదురు ప్రశ్న నాకు తెలుసు. సముద్రమే వేడెక్కుతుంటే మట్టి ఆపి, మురుగు ఆపి ఏం లాభం? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యలేను. 2016లో నీళ్లు వేడెక్కి, పగడాలు ఒంట్లోని ఆల్గేను వదిలేసి తెల్లబడ్డప్పుడు, గ్రేట్ బారియర్ రీఫ్‌లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఉత్తరాన, మనుషులకు దూరంగా, నీళ్లు శుభ్రంగా ఉన్న భాగమే. తేట నీరు ఆ పగడాల్ని తెల్లబడకుండా ఆపలేకపోయిందని టెర్రీ హ్యూస్ అనే పగడాల శాస్త్రవేత్త బృందం మరుసటి ఏడాది రాసింది. వేడిని తగ్గించకుండా దిబ్బలు మిగలవు, ఇందులో నాకు సందేహం లేదు.

అయినా నా వాదన నిలుస్తుంది. తెల్లబడటం కొన్ని వారాల సంగతి, కోలుకోవడం ఏళ్ల తరబడి సంగతి. హవాయిలో 2015 నాటి వేడి దెబ్బ తర్వాత దిబ్బలు ఎలా ఉన్నాయో చూసిన పరిశోధన 2023లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. నేల మీది నుంచి వచ్చే మాలిన్యం తక్కువగా ఉండి, చేపలు కూడా బాగా ఉన్న చోట, నాలుగేళ్ల తర్వాత పగడాలూ, దిబ్బను కట్టడంలో పాలు పంచుకునే సున్నపు నాచూ దట్టంగా మిగిలే అవకాశం 3 నుంచి 6 రెట్లు ఎక్కువని అందులో తేల్చారు. ఫాస్ఫరస్ చాలినంత లేకుండా నైట్రోజన్ మాత్రం పెరిగితే పగడం వేడికి ఇంకా తొందరగా తెల్లబడుతుందని 2013లోనే ప్రయోగాల్లో తేలింది. జ్వరంతో ఉన్నవాడికి జ్వరం ఎలాగూ ఉంది కదా అని తిండి కూడా మానిపిస్తామా? ప్రపంచం మొత్తం కర్బనం తగ్గించేదాకా ఒక ఊరివాళ్లు చెయ్యగలిగిన పని ఏదైనా ఉందంటే అది తమ వాగును బాగుచేసుకోవడం. ఆ పనికి ఏ అంతర్జాతీయ ఒప్పందం కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

అందుకే పగడపు ముక్కల్ని నర్సరీలో పెంచి దిబ్బ మీద నాటే పథకాల ఫోటోలు చూస్తే నాకు మనసు కుదుటపడదు. నాటేవాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది, వేళ్లు ముడతలు పడే దాకా నీళ్లలో ఉండి చేస్తారు. కానీ ఎదురుగా వాగు ఎర్రగా పారుతుంటే అక్కడ నాటిన ముక్కకు ఏ గతి పడుతుంది? 1965 తర్వాత కనెయోహేలో ఎన్ని నాటితే మాత్రం ఏం మిగిలేవి? ముందు పైన మట్టి ఆగాలి, తర్వాతే కింద నాటడం.

ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి. ఈ భారం మొత్తం రైతు నెత్తిన పెట్టడం అన్యాయం. చెరకు తోటలో ఎక్కువైన ఎరువు కొట్టుకుపోతే నష్టపోయేది మొదట అతనే, ఆ సంచీ కొన్నది అతనే కదా. ఎరువు ఎంతవరకు తగ్గిస్తే దిగుబడి తగ్గదో నేల పరీక్షతో చూపించి, ఒకవేళ తగ్గితే ఆ నష్టం భరిస్తామని ప్రభుత్వం రాసిస్తే ఎవరైనా ముందుకొస్తారు. గండ్లు పూడ్చడం, వాగు గట్లకు కంచె వెయ్యడం, పశువులకు వేరే చోట నీళ్ల తొట్లు కట్టడం, ఇవన్నీ డబ్బు పనులు. దిబ్బ మీద బతికే టూరిజం ఆ ఖర్చులో పాలు పంచుకోవాలి. కొండవాలు మీద విల్లా కట్టేవాళ్లు వేసిన రోడ్డు ఖర్చు కూడా వాళ్లదే కావాలి, రోడ్డుతోపాటు దాని మీది నీటి ఖర్చు కూడా.

సెయింట్ జాన్‌లో 2009 తర్వాత కోరల్ బే పరీవాహకంలో చేసిన పనులు చూస్తే ఇదేమంత గొప్ప సాంకేతికత కాదని తెలుస్తుంది. బాగా కోత పడే రోడ్లను గట్టిపరిచారు, నీళ్లు పోగుపడి వేగం పుంజుకోకముందే పక్కకు మళ్లేలా డ్రైనేజీ సరిచేశారు, మట్టి దిగడానికి గుంటలు తవ్వారు. ఆ గుంటలు నిండుతుంటాయి. ఎవరో ఒకరు ప్రతి ఏటా, వానలకు ముందే, వాటిని ఖాళీ చెయ్యాలి.